లింకేజీ ఫోర్క్‌ను బ్రేకు పట్టి నొక్కి చూడొద్దు: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు వైపు మౌంటెన్ బైకుల్లో లింకేజీ ఫోర్కులు (గొట్టాలు జారే బదులు, లింకులనే చిన్న చేతులు కీళ్ళ మీద తిరిగి ముందు చక్రాన్ని కదిలించే సస్పెన్షన్) ఉన్నవి బాగా తక్కువ. ఎక్కువగా బెంగళూరులోనో చెన్నైలోనో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. అయినా సర్వీసుకు వచ్చే ప్రతి ఫోర్కు వెంటా ఒకటే ఫిర్యాదు: ‘అన్నా, ముందర బిగుసుకుపోయింది, దిగేదే లేదు. కొంచెం గాలి తీసెయ్యన్నా.’ ఆ మాట అంటూనే ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, హ్యాండిల్ మీద వాలి నొక్కి చూపిస్తారు. నిజంగానే దిగదు. అంతకుముందే వాట్సాప్ గ్రూపులో ఎవరో ‘బేరింగులు పట్టేసినట్టున్నాయి’ అని ఉంటారు. జీతంలో కూడబెట్టి కొన్నవాళ్ళకు ఆ రాత్రి నిద్ర పట్టదు. వాళ్ళ కంగారు న్యాయమైనదే. వాళ్ళను అంత కంగారు పెట్టిన పరీక్షే తప్పు.

అపోహ: బ్రేకు పట్టి నొక్కితే దిగకపోతే ఫోర్కు బిగుసుకుపోయినట్టు.

మామూలు టెలిస్కోపిక్ ఫోర్కులో గొట్టం గొట్టంలోకి నేరుగా జారుతుంది. క్యాలిపర్ (డిస్కును పట్టే బ్రేకు ముక్క) కింది కాలుకే బిగించి ఉంటుంది కాబట్టి, బ్రేకు పట్టినా పట్టకపోయినా నొక్కితే దిగుతుంది. లింకేజీ ఫోర్కు వేరు. చక్రం పైకి కదిలేటప్పుడు క్యాలిపర్ ఉన్న లింకు కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. బ్రేకు పట్టి ఉంటే ఆ లింకుతో పాటు డిస్కు, దాంతో పాటు చక్రం కూడా తిరగాలి. టైరేమో నేలను కరుచుకుని ఉంటుంది. మీరు నొక్కే బలంలో చాలా భాగం స్ప్రింగుకు చేరకుండా టైరు పట్టులోనే ఆగిపోతుంది. ఫోర్కు అడ్డం తిరిగినట్టు అనిపించడానికి కారణం ఇదే. బ్రేకు వేసినప్పుడు ముందు భాగం కూలబడకుండా ఉండాలనే ఆ లింకులను అలా అమర్చారు. మీరు కొన్న గుణాన్నే మీరు లోపం అనుకుంటున్నారు.

ఈ ఒక్క పొరపాటు వల్ల పోయే డబ్బు మిగతా అన్నింటికంటే ఎక్కువ. నొక్కితే దిగేదాకా, లోపల స్ప్రింగుగా పని చేసే గాలిని తీస్తారు. పార్కింగులో మెత్తగా, హాయిగా ఉంటుంది. చంద్రగిరి వైపు గుట్టల్లో రాళ్ళ దిగుడు వచ్చేసరికి ట్రావెల్ (ఫోర్కు కదలగలిగే దూరం) అంతా అయిపోయి ఠక్కున అడుగుకు కొడుతుంది. దాన్ని ఆపడానికి కంప్రెషన్ (ఫోర్కు దిగే వేగాన్ని అడ్డుకునే నాబ్) బిగిస్తారు. ఇప్పుడు చిన్న గులకరాయి కూడా అరచేతికి తగులుతుంది, పెద్ద దెబ్బకు ఇంకా అడుగు తాకుతూనే ఉంటుంది. ఈ లోపల అడుగున ఉండే రబ్బరు బంపర్ నలుగుతుంది. లింకుల బేరింగుల్లో గుళ్ళు ఒకే చోట కొట్టుకుని, అవి తిరిగే దారిలో గుంటలు పడతాయి. బోల్టులు వదులవుతాయి. చివరికి ‘లింకేజీ అంటేనే దండగ’ అని సగం ధరకు అమ్మేస్తారు. అసలు చెయ్యాల్సింది రెండు బ్రేకులూ వదిలి, మీ బరువుకు ఫోర్కు ఎంత కుంగుతుందో కొలవడమే.

కొలిచే పద్ధతి ఇది. కంప్రెషన్, లాకౌట్ (ఫోర్కు కదలకుండా బిగించే మీట) పూర్తిగా వదలండి. షాక్ పంపుతో తయారీదారు చార్టులో మీ బరువుకు ఎంత ఉంటే అంత గాలి పెట్టండి. బరువంటే హెల్మెట్, బూట్లు, నీళ్ళ సంచి అన్నీ వేసుకున్న బరువు. ట్రస్ట్ కంపెనీ మెసేజ్ ఫోర్కులా రెండు కాళ్ళలోనూ ఎయిర్ స్ప్రింగ్ ఉన్న ఫోర్కయితే రెండింటిలోనూ సమానంగా ఉండాలి. ఇద్దరు స్నేహితుల్లో ఒకర్ని వెనక నుంచి సీటు పట్టుకోమనండి. మొదట బైకు మీద బరువు లేకుండా, యాక్సిల్ మధ్య నుంచి ఫోర్కు పైన ఒక స్థిరమైన గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత పెడల్స్ రెండూ సమంగా పెట్టి, వాటి మీద నిలబడి, హ్యాండిల్‌ను తేలిగ్గా పట్టుకుని, రెండు మూడు సార్లు ఊగి కదలకుండా ఆగండి. రెండో స్నేహితుడు మళ్ళీ అదే దూరం కొలవాలి. ఆ తేడాయే శాగ్, అంటే మీ బరువుకు ఫోర్కు కుంగే దూరం. మాన్యువల్‌లో 20 శాతం అని ఉంటే, 130 మి.మీ. ఫోర్కుకు 26 మి.మీ. రావాలి.

టేపు ఎందుకంటే, చాలా లింకేజీ ఫోర్కుల్లో ఓ-రింగ్ (ఎంత కదిలిందో చూపించే రబ్బరు రింగు) లోపలి షాక్ కడ్డీ మీద ఉంటుంది. షాక్ కదిలే దూరం, చక్రం కదిలే దూరం ఒకటి కాదు. 40 మి.మీ. స్ట్రోక్ ఉన్న షాక్‌లో రింగు 8 మి.మీ. జరిగితే, అది షాక్‌లో 20 శాతం. చక్రం దగ్గర అది 20 శాతమే కానక్కర్లేదు, ఎందుకంటే లింకు నిష్పత్తి (షాక్ కదలికకు చక్రం ఎంత కదులుతుందన్నది) ట్రావెల్ పొడవునా మారుతూ ఉంటుంది.

ఇంకొక మాట, మన ఊరి ఎండకు సంబంధించినది. 20 డిగ్రీల గదిలో 100 పీఎస్‌ఐ పెట్టిన ఫోర్కు 40 డిగ్రీల ఎండలో దాదాపు 108 చూపిస్తుంది. మే నెలలో గాలిని బైకు నడిపే వేళకే సరిచూసుకోండి.

అపోహ: లింకేజీ అయితే బ్రేకులో అస్సలు దిగదు.

ముందు టెలిస్కోపిక్ సంగతి అంకెల్లో చూడండి. 65 డిగ్రీల హెడ్ యాంగిల్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు నేలతో చేసే కోణం), 1200 మి.మీ. వీల్‌బేస్ (రెండు యాక్సిళ్ళ మధ్య దూరం), 44 మి.మీ. ఆఫ్‌సెట్ (ఆ ఇరుసుకు యాక్సిల్ ఎంత ముందుందో) ఉన్న 29 అంగుళాల చక్రాల బైకు. బ్రేకు కొట్టగానే ఫోర్కు ఇంకో 60 మి.మీ. దిగిందనుకోండి. వెనక చక్రం దగ్గర ఏమీ మారకపోయినా హెడ్ యాంగిల్ సుమారు 67.6 డిగ్రీలకు నిలువవుతుంది. ట్రెయిల్, అంటే ఆ ఇరుసు గీత నేలను తాకే చోటుకు టైరు నేలను తాకే చోటు ఎంత వెనకుందో ఆ దూరం, 124 మి.మీ. నుంచి దాదాపు 105కి పడిపోతుంది. అంటే దిగుడులో బ్రేకు వేసి, హ్యాండిల్ నిలకడగా ఉండాల్సిన క్షణంలోనే అది చురుకెక్కి తత్తరపడుతుంది. పైగా గొట్టాన్ని వంచే బలం బుషింగుల (గొట్టం జారే లోపలి రింగుల) మీద పడి ఘర్షణ పెరుగుతుంది. స్ప్రింగు చివరి గట్టి భాగంలో కూర్చుని, ఘర్షణ కూడా పెరిగిన ఫోర్కు చిన్న గతుకులను మింగలేదు. చేతులు తిమ్మిరెక్కడానికి ఇదొక కారణం.

లింకేజీ తగ్గించేది దీన్నే. కానీ బ్రేకు వేస్తే బరువు ముందుకు రావడం భౌతిక ధర్మం. దాన్ని ఏ ఫోర్కూ ఆపలేదు. ఎంత దిగుతుందనేది లింకులు ఎటు తిరుగుతాయి, క్యాలిపర్ ఏ ముక్క మీద ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. పివోట్ (కీలు) ముందుండి యాక్సిల్ వెనక ఉండే ఒంటి చెయ్యి మీదే బ్రేకు బిగిస్తే, బ్రేకు బలం ఆ చేతిని పైకి ఎత్తుతుంది, ముందు భాగం ఇంకా ఎక్కువ దిగుతుంది. పాత వెస్పాలు బ్రేకు వేయగానే ముక్కు వంచడం అందుకే. యాక్సిల్ పివోట్‌కు ముందుంటే తిరగబడుతుంది, బ్రేకు ముందు భాగాన్ని పైకి తోస్తుంది. అది మరీ ఎక్కువైనా కష్టమే. గతుకుల్లో బ్రేకు పట్టినంతసేపూ సస్పెన్షన్ గట్టిపడి చక్రం ఎగురుతుంది. మంచి మల్టీ లింకు డిజైన్లు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ‘యాంటీ డైవ్ (బ్రేకులో దిగకుండా ఆపే గుణం) ఎక్కువుంటే మంచిది’ అని చెప్పేవాళ్ళ మాట వినొద్దు.

నడిపేటప్పుడు తేడా మొదట మలుపులో తెలుస్తుంది. టెలిస్కోపిక్‌కు అలవాటైన మనిషి బ్రేకుతో ముందు భాగాన్ని కూర్చోబెట్టి బైకును తిప్పుతాడు. లింకేజీలో అది కూర్చోదు కాబట్టి ‘తిరగడం లేదు’ అనిపిస్తుంది. ఇలాంటప్పుడు గాలి తీయొద్దు. ఛాతీని కొంచెం ముందుకు తెచ్చి, బయటి పెడల్ మీద బరువు వేసి, బైకును వంచండి. ఒకే దారిలో, ఒకే దిగుడులో, ఒకసారి బ్రేకుతో, ఒకసారి వదిలి నడిపి చూస్తే చేతులకే అర్థమవుతుంది. రెండోది: ఎంత గట్టిగా బ్రేకు పట్టారో ముందు భాగం వంగడాన్ని బట్టి తెలుసుకునే అలవాటు పోతుంది. టైరు పట్టు తప్పే ముందు వచ్చే హెచ్చరిక తగ్గుతుంది. కొత్తలో వదులు కంకర మీద వేగం తగ్గించండి.

అపోహ: బేరింగులే కాబట్టి మెయింటెనెన్స్ ఉండదు.

నూనె, సీల్స్ పని తగ్గవచ్చు. బేరింగుల పని ఉంటుంది. ఫోర్కు బేరింగు పూర్తి చుట్టు తిరగదు, కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది, అంతే. గ్రీజు లోపల పంచుకోదు, ఎప్పుడూ అవే గుళ్ళ మీద భారం. నవంబరు, డిసెంబరు వానల్లో బురద, ఆ తర్వాత సన్నటి ఎర్రదుమ్ము. వీటన్నింటికంటే హాని చేసేది మోటార్ సైకిళ్ళ దగ్గర చేయించే వాటర్ సర్వీసు. ఆ గన్ను లింకుల మీద పెట్టారంటే నీళ్ళు సీలు దాటి లోపలికి పోతాయి, తిరిగి రావు. బకెట్, బ్రష్, మెత్తటి ధార చాలు.

వానాకాలం అయ్యాక గాలంతా వదిలేసి, చక్రం తీసేసి, లింకులను చేత్తో మొత్తం ట్రావెల్ ఆడించండి. ఇసుక నలిగినట్టు గరగర ఉన్నా, ఒక చోట తట్టి ఆగినట్టున్నా ఆ బేరింగు పని అయిపోయినట్టే. వదులు తెలుసుకోవాలంటే ముందు చక్రం ఎత్తి, యాక్సిల్ దగ్గర పట్టుకుని ముందుకూ వెనక్కూ కదుపుతూ, ఒక్కొక్క కీలు మీద వేలు పెట్టి చూడండి. కటకట వేలికి తెలుస్తుంది. వదులు ఉండీ ఏ కీలు దగ్గరా తెలియకపోతే హెడ్‌సెట్ (ఫ్రేములో ఫోర్కు తిరిగే చోటి బేరింగులు) వదులై ఉండొచ్చు. ఫోర్కును అనుమానించొద్దు. సీలు మీద ముద్రించిన నంబరు తీసుకుపోతే బేరింగుల షాపులో సరైన సైజు దొరకొచ్చు. కానీ కీళ్ళకు గుళ్ళు నిండుగా ఉండే రకమే అడగండి. బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన న్యూటన్ మీటర్లకే, టార్క్ రెంచ్‌తో, మరకు లాక్‌టైట్ చుక్క వేసి బిగించాలి. చేతి అంచనాతో బిగిస్తే బేరింగు నలుగుతుంది.

మిగతావి చకచకా. ఇది కొత్త కనిపెట్టు కాదు. 1990ల్లోనే ఏఎంపీ రీసెర్చ్, గిర్విన్ కంపెనీలు మౌంటెన్ బైకులకు లింకేజీ ఫోర్కులు అమ్మాయి. క్యానన్‌డేల్ లెఫ్టీ లింకేజీ కాదు, ఒంటి కాలున్న జారుడు ఫోర్కు. లౌఫ్ ఫోర్కు కూడా ఈ కోవలోది కాదు, అందులో కీళ్ళే ఉండవు, ఫైబర్ పట్టీలే వంగుతాయి. పంపు తీసేటప్పుడు వచ్చే ‘బుస్’ చప్పుడు దాదాపు అంతా పంపు గొట్టంలోని గాలిదే, ఫోర్కుది కాదు. అయితే మళ్ళీ పంపు తగిలించిన ప్రతిసారీ ఆ గొట్టం నింపడానికి ఫోర్కు గాలే పోతుంది కాబట్టి మీటరు తక్కువ చూపిస్తుంది.

అపోహ: సగం ధరకు దొరికింది, కొనేస్తే లాభమే.

ట్రస్ట్ మెసేజ్‌నే తీసుకోండి. సస్పెన్షన్ డిజైనర్ డేవ్ వీగిల్ డిజైన్, కార్బన్ కాళ్ళు, 130 మి.మీ. ట్రావెల్, సుమారు రెండు కిలోల బరువు. 2018లో 2,700 డాలర్లకు వచ్చింది. 2020లో ఆ కంపెనీ పని ఆపేసింది. ఈరోజు దాని డంపర్ (ఊగిసలాటను ఆపే నూనె భాగం) పోతే ఎవరు తెరుస్తారో, భాగాలు ఎక్కడ తెస్తారో తేలాకే డబ్బు ఇవ్వండి. స్ట్రక్చర్ సైకిల్‌వర్క్స్ బైకులో అయితే ముందు లింకులు ఫ్రేములోనే భాగం, విడిగా తీసి ఇంకో బైకుకు పెట్టుకోలేరు.

అమ్మేవాళ్ళ దగ్గర గాలి వదిలించి లింకులు ఆడించి చూడండి. కార్బన్ మీద బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకలాంటి గీత ఉందేమో టార్చి వేసి చూడండి. గాలి నింపి, రాత్రంతా ఉంచి, పొద్దున మళ్ళీ కొలవండి. పంపు గొట్టానికి పోయేది తీసేసినా ఇంకా తగ్గితే సీలు కారుతున్నట్టు. స్టీరర్ (ఫోర్కు పైన ఉండే గొట్టం) పొడవు మీ హెడ్ ట్యూబుకు (ఫ్రేములో అది దూరే గొట్టానికి) సరిపోతుందో లేదో ముందే కొలుచుకోండి. పొట్టిగా కోసేసిన స్టీరర్‌ను అతికించే మార్గం లేదు.