‘స్త్రీ’ని గీసే కోడుని మన మెషీన్‌లో బిల్డ్ చేసుకోవడం

‘స్త్రీ’ అని టైప్ చేస్తే కంప్యూటర్‌లోకి వెళ్ళేవి ఆరు క్యారెక్టర్లు. స, పొల్లు, త, మళ్ళీ పొల్లు, ర, చివర్లో ఈకారం. వెళ్ళే వరస అది, కానీ స్క్రీన్ మీద చూస్తే చివర్న కొట్టిన గుడిదీర్ఘం పోయి మొదట కొట్టిన స నెత్తిన కూర్చుంటుంది, త ఒత్తయి కిందకి దిగుతుంది, ర క్రారవడిగా చుట్టుకుంటుంది. మన చెయ్యి చిన్నప్పట్నించీ అలవాటుగా చేసే ఈ పనిని మెషీన్‌కి ఎవరో ఒకరు నేర్పాలి కదా, ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ వీటన్నిట్లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే, ఎవరైనా తెరిచి చూడగలిగే కోడు. పర్షియన్‌లో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది, ఓపెన్‌టైప్ అనే మాటని (ఫాంటు ఫైళ్ళ ఒక ఫార్మాట్ పేరు) వాళ్ళు అలా తిప్పుకున్నారు, ఆ పేరు నాకు చాలా ఇష్టం.

2018 ఫిబ్రవరిలో జ్ఞ తర్వాత కంటికి కనపడని ఒక క్యారెక్టరు, ఆపైన ఆకారం ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి, గుర్తుందా? ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. అక్కడ అక్షరాలు పేర్చే కోడు బయటివాళ్ళకి కనపడదు కాబట్టి ఏ అక్షరాల కలయికకి క్రాష్ అవుతోందో మార్చి మార్చి చూసి ఊహించడం తప్ప ఇంకేం చెయ్యలేకపోయారు. హార్ఫ్‌బజ్ సంగతి వేరు, కోడు మొత్తం మన ముందే ఉంటుంది, కాకపోతే కోడు చదవడం ఒకటి, దాన్ని మన దగ్గర ఆడించి చూడటం ఇంకొకటి. ఆడించే ఏర్పాటునే డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ అంటాం. దీన్ని ఏదో ఫార్మాలిటీలా చూస్తారు చాలామంది, నా మటుకు నాకు అది ల్యాబ్ కట్టుకోవడంతో సమానం.

ఉబుంటు లినక్స్ ఉంటే పని తేలిక, విండోస్ వాళ్ళు విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుంటే సరిపోతుంది. ముందు గిట్ క్లోన్ కొడతాం, అంటే కోడు మార్పుల లెక్క రాసుకునే గిట్ అనే ప్రోగ్రాంతో మొత్తం కోడుని కాపీ చేసుకుంటాం. దాంతో ఇవాళ్టి కోడు ఒక్కటే కాదు, అది ఎప్పుడెప్పుడు ఎలా మారిందో ఆ చరిత్ర అంతా మన డిస్క్‌లోకి వస్తుంది. తర్వాత మెసన్ సెటప్. ఇది మన మెషీన్‌లో ఏమేం ఉన్నాయో వెతికి, దేన్ని దేనితో కలిపి కంపైల్ చెయ్యాలో (మెషీన్ నడపగలిగే ప్రోగ్రాంగా మార్చాలో) ప్లాన్ రాసిపెడుతుంది. ఆ ప్లాన్ ప్రకారం అసలు పని నింజా చేస్తుంది, ఒక ఫైలు మారిస్తే దాని మీద ఆధారపడినవి మాత్రమే మళ్ళీ కంపైల్ చేస్తుంది.

కొత్తవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. సిస్టంలో ఫాంటులు చదివే ఫ్రీటైప్ ఉంటుంది, బొమ్మలు గీసే కైరో ఉంటుంది, రోజూ ఏదో ఒక యాప్ వాటిని వాడుతూనే ఉంటుంది, అయినా మెసన్ దొరకలేదు అంటుంది. కారణం ఏంటంటే లైబ్రరీని వాడటానికి కావాల్సిన ఫైలు వేరు, దాని మీద కొత్త ప్రోగ్రాం కట్టడానికి కావాల్సిన హెడర్ ఫైళ్ళు వేరు. ఏ ఫంక్షన్ ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది అన్నది కంపైలర్‌కి చెప్పేవి హెడర్లు, ఉబుంటులో అవి చివర ‘డెవ్’ అని ఉండే ప్యాకేజీల్లో విడిగా వస్తాయి. ఫ్రీటైప్, కైరో, జీలిబ్ అనే ఇంకో లైబ్రరీ, ఈ మూడింటి డెవ్ ప్యాకేజీలూ పెట్టుకోవాలి. ఇంకో మెలిక, ఇవి లేకపోయినా హార్ఫ్‌బజ్ బిల్డ్ ఆగదు, శుభ్రంగా పూర్తవుతుంది. తీరా చూస్తే అక్షరాన్ని బొమ్మగా గీసి చూపించే హెచ్‌బీ-వ్యూ ఉండదు, కైరో లేకపోతే దాన్ని కట్టకుండా వదిలేస్తుంది, జీలిబ్ కూడా లేకపోతే హెచ్‌బీ-షేప్ (అక్షరాల వరసని రాసి చూపించేది) కూడా రాదు. అందుకే సెటప్ చివర్లో ఏది యెస్, ఏది నో అని వచ్చే పట్టికని దయచేసి దాటేయకండి.

నేనైతే ఒక సాయంత్రం మొత్తం ఇంకో చోట పోగొట్టుకున్నాను. ఇండిక్ షేపర్, అంటే మన లిపుల అక్షరాలు పేర్చే కోడు ఉన్న ఫైల్లో ఒక లైను మార్చాను, కంపైల్ అయింది, అవుట్‌పుట్ మాత్రం అక్షరం కూడా మారలేదు. ఇంకో లైను మార్చాను, అదే. చివరికి, నడుస్తున్న ప్రోగ్రాం ఎక్కడుందో చెప్పే విచ్ కమాండ్ కొట్టి చూస్తే నేను నడుపుతున్న హెచ్‌బీ-షేప్ సిస్టంతో పాటు ఇన్‌స్టాల్ అయిన పాతది, నేను కట్టినది బిల్డ్ ఫోల్డర్ కింద యుటిల్‌లో ఉంది. ఒకే పేరుతో రెండు ప్రోగ్రాములుంటే టెర్మినల్ తనకిచ్చిన దారుల్లో ముందు దొరికినదాన్నే నడుపుతుంది. అప్పట్నించీ పూర్తి పాత్ ఇచ్చి నడుపుతున్నాను. కొత్త ప్రాజెక్ట్ ఏదైనా సరే, ముందు కావాలని ఒక చోట తప్పు పెట్టి, అది అవుట్‌పుట్‌లో కనపడిందా అని చూస్తాను, కనపడితేనే నమ్ముతాను.

ఇప్పుడు హెచ్‌బీ-షేప్‌కి ఒక తెలుగు ఫాంటు ఇచ్చి, నోటో సాన్స్ తెలుగో మండలియో ఏదైనా పర్లేదు, ‘స్త్రీ’ అని ఇవ్వండి. చదరపు బ్రాకెట్లలో ఒక వరస వస్తుంది, ఒక్కో గ్లిఫ్ (ఫాంటులోని బొమ్మ) పేరు, అది మనం కొట్టినదాంట్లో ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే నంబరు, ఎంత వెడల్పు జరగాలో ఇంకో నంబరు. ఆరు క్యారెక్టర్లు లోపలికెళ్ళాయి కదా, బయటికి అంతకంటే తక్కువే వస్తాయి, పొల్లులు ఒత్తుల్లో కలిసిపోతాయి, ఈకారం ఒత్తులకంటే ముందుకి జరిగిపోతుంది. ‘క్ష’ ఇచ్చి చూడండి, మూడు వెళ్ళి, దానికి విడిగా బొమ్మ ఉన్న ఫాంటులో ఒక్కటే వస్తుంది. మనం పలక మీద దిద్దిన రూల్స్ ఇలా అంకెల్లో బయటపడటం మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

దీనివల్ల ఇంకో లాభం, ఎక్కడైనా తెలుగు విరిగి కనపడితే తప్పు ఎవరిదో ఊహించక్కర్లేదు. వరస సరిగ్గా ఉండి బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే ముందు ఫాంటుని అనుమానించాలి. వరసే తప్పితే, అదే మాటని ఇంకో రెండు ఫాంటులతో కూడా చూడాలి, అన్నిట్లోనూ తప్పితే అప్పుడు షేపర్ కోడు దగ్గరికి. నిన్నటిదాకా బాగుండి ఇవాళ విరిగితే గిట్ బైసెక్ట్ ఉంది, సరిగ్గా సగంలో ఉన్న మార్పు దగ్గర బిల్డ్ చేసి బాగుందా లేదా చెప్తే మిగతా సగాన్ని కొట్టేస్తుంది, 1000 మార్పులున్నా సుమారు 10 బిల్డ్‌లలో దొంగ దొరుకుతాడు.

ఈ కోడు రాసిన భాష సీ ప్లస్ ప్లస్ రానివాళ్ళు చెయ్యగలిగే పని కూడా ఇక్కడ ఉంది, నాకు ఎక్కువ విలువైందని అనిపించేదీ అదే. హార్ఫ్‌బజ్‌లో షేపింగ్ టెస్టులు మామూలు టెక్స్ట్ ఫైళ్ళు, ఒక్కో లైనుకి ఒక్కో టెస్టు, ఫాంటు పేరు, యూనికోడ్ నంబర్లు, రావాల్సిన గ్లిఫులు. రావాల్సింది ఏంటో చెప్పడానికి చిన్నప్పుడు గుణింతాలు రాసిన కన్ను కావాలి. ‘ఈ ఒత్తు తప్పుగా ఉంది’ అని స్క్రీన్‌షాట్ పెడితే ప్రాజెక్ట్ చూసుకునే, తెలుగు రాని మెయింటెయినర్‌కి ఏం అర్థమవుతుంది పాపం, అదే ఒక టెస్టు లైనుగా ఇస్తే మెసన్ టెస్ట్ కొట్టగానే తన మెషీన్‌లో కూడా అదే చోట ఫెయిల్ అవుతుంది, ఇంక తెలుగు రాకపోయినా పని మొదలుపెట్టేయొచ్చు.