యూరప్ గ్యాస్ గొడవ 1956లోనే మొదలైంది

రష్యా గ్యాస్ కొనాలా వద్దా అన్న గొడవ యూరప్‌లో మళ్లీ రాజుకుంది. 2027 కల్లా రష్యా గ్యాస్‌ను పూర్తిగా మానేయాలని ఈయూ (యూరప్ దేశాల కూటమి) తీర్మానించుకుంది, హంగరీ, స్లొవేకియా ససేమిరా అంటున్నాయి, జర్మనీలో ఫ్యాక్టరీలు నడిపేవాళ్లు ఇంధన ఖర్చు తట్టుకోలేకపోతున్నామని మొత్తుకుంటున్నారు, ఇంకోపక్క అమెరికా నుంచి ఎల్ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్) ఓడలు వరసగా వస్తున్నాయి. ఈ చర్చ ఎక్కడ జరిగినా కథ రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగిన 2022 ఫిబ్రవరి నుంచి మొదలుపెడతారు. కాస్త ఓపికున్నవాళ్లు 1973 దాకా వెళ్తారు. అరబ్ దేశాల చమురు నిషేధం, నాలుగింతలైన ధరలు, బంకుల దగ్గర క్యూలు, అదంతా చాలామంది చదివిందే కాబట్టి మళ్లీ చెప్పను. నా లెక్కలో అసలు మలుపు అంతకు 17 ఏళ్ల ముందు, 1956 నవంబర్ మొదటి వారంలో ఉంది. అప్పట్లో యూరప్ రష్యా వైపు ఎందుకు తిరిగిందో, ఇప్పుడు అమెరికా మీదే పూర్తిగా ఆధారపడటానికి కొందరు ఎందుకు జంకుతున్నారో ఆ వారం చూస్తే తెలుస్తుంది.

1956 జూలై 26న ఈజిప్ట్ అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. అంతకు వారం ముందే, అస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న డబ్బు ఇవ్వలేమని అమెరికా చేతులెత్తేసింది. ఆ కంపెనీలో బ్రిటన్ ప్రభుత్వానికి 44 శాతం వాటా ఉంది. అది ఎలా వచ్చిందో చెప్పకపోతే కథ సగమే అవుతుంది. 1875లో ఈజిప్ట్ పాలకుడు ఖదీవ్ ఇస్మాయిల్ అప్పుల్లో పీకల్లోతు మునిగి తన షేర్లు అమ్మకానికి పెడితే, బ్రిటన్ ప్రధాని డిజ్రేలీ బ్యాంకర్లు రోత్‌షీల్డ్‌ల దగ్గర 40 లక్షల పౌండ్లు తెచ్చి కొనేశాడు. ఏడేళ్లు తిరక్కుండానే బ్రిటన్ సైన్యం వచ్చి ఈజిప్ట్‌లో తిష్ఠ వేసింది. అప్పులవాడి చేతిలోంచి కాలువ ఎలా జారిపోతుందో అప్పుడు బ్రిటన్ లాభం వైపు నిలబడి చూసింది.

80 ఏళ్ల తర్వాత తానే అప్పులవాడి స్థానంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాని వార్షిక జాతీయ ఆదాయానికి రెండింతలు దాటింది. 1946లో అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్లు 2 శాతం వడ్డీకి తీసుకుంది. వడ్డీ తక్కువే గానీ షరతు గట్టిది: పౌండ్లు ఉన్నవాళ్లు ఎవరు అడిగినా డాలర్లుగా మార్చి ఇవ్వాలి. 1947 జూలైలో ఆ తలుపు తెరిస్తే డాలర్లు వరదలా బయటికి పోయి, ఐదు వారాల్లోనే మళ్లీ మూసుకోవాల్సి వచ్చింది. ఆ అప్పు చివరి వాయిదా 2006 డిసెంబర్‌లో గానీ తీరలేదు. యుద్ధం గెలిచిన దేశం, ఆ గెలుపు తాలూకు బాకీని 60 ఏళ్లు మోసింది.

ఇలాంటి ఖజానాతో బ్రిటన్ సూయజ్ యుద్ధానికి దిగింది. అప్పటికి యూరప్‌కు వచ్చే చమురులో దాదాపు మూడింట రెండు వంతులు ఆ కాలువ మీదుగానే వస్తోంది. ముందే కుదుర్చుకున్న రహస్య ఒప్పందం ప్రకారం అక్టోబర్ 29న ఇజ్రాయెల్ సినాయ్‌లోకి చొరబడింది, ఇద్దరినీ విడదీస్తాం అన్న సాకుతో బ్రిటన్, ఫ్రాన్స్ రెండు రోజులకే బాంబులు వేయడం మొదలుపెట్టాయి, నవంబర్ 5న పారాట్రూపర్లు, 6న సముద్రం మీదుగా మిగతా సైన్యం పోర్ట్ సయీద్‌లో దిగింది. రంగంలో గెలుస్తున్నది వాళ్లే. అయినా 6 అర్ధరాత్రికల్లా కాల్పులు ఆపేశారు.

ఎందుకు ఆపారు? నాసర్ పాత ఓడలను కాలువలో ముంచేసి దారి మూసేశాడు. ఇరాక్ చమురును మధ్యధరా సముద్రానికి తెచ్చే పైప్‌లైన్‌ మీది పంపింగ్ స్టేషన్లను సిరియాలో పేల్చేశారు. బ్రిటన్, ఫ్రాన్స్‌లకు చమురు అమ్మేది లేదని సౌదీ అరేబియా చెప్పేసింది. ఇక మిగిలిన దారి అమెరికా చమురు. అక్కడ టెక్సస్‌లో కావాలని తక్కువ తోడుతూ పక్కన పెట్టిన బావుల సామర్థ్యం బోలెడంత ఉంది. కానీ సైన్యాలు వెనక్కి వెళ్లేదాకా ఆ చమురు రాదని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రభుత్వం తేల్చేసింది. అదే సమయంలో పౌండ్‌ను అందరూ వదిలించుకుంటున్నారు. ఆర్థిక మంత్రి మాక్‌మిలన్ నవంబర్ 6 ఉదయం కేబినెట్‌కు డాలర్ నిల్వలు కరిగిపోతున్నాయని చెప్పాడు. ఆయన చెప్పిన అంకె అసలు నష్టం కన్నా చాలా ఎక్కువని తర్వాత తేలింది గానీ, ఆ నెల మొత్తం మీద దాదాపు 28 కోట్ల డాలర్లు పోయిన మాట నిజం. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) దగ్గరికి పోదామంటే అక్కడా అమెరికా మాటే చెల్లుతుంది, ఆ మాట రావడం లేదు. ఫ్రాన్స్ మాత్రం యుద్ధానికి ముందే, అక్టోబర్‌లోనే, ఐఎంఎఫ్‌తో తన ఏర్పాటు చేసుకుని కూర్చుంది. ఈ చిన్న తేడా వల్లే పారిస్ ఇంకొన్ని రోజులు పోరాడదామంది, లండన్ కుదరదంది.

డిసెంబర్ 3న బ్రిటన్ సైన్యాన్ని వెనక్కి రప్పిస్తున్నట్టు ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే ఐఎంఎఫ్ నుంచి 56 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు, అవసరమైతే తీసుకోవడానికి ఇంకో 74 కోట్ల దాకా మంజూరయ్యాయి. అంతకుముందు నెల రాని డబ్బు, మాట వినగానే వచ్చింది. జనవరి 9న ప్రధాని ఈడెన్ రాజీనామా చేశాడు, మాక్‌మిలన్ ఆ కుర్చీలోకి వచ్చాడు. మామూలు జనానికి ఈ యుద్ధం పెట్రోల్ కూపన్ల రూపంలో తగిలింది. డిసెంబర్ 17 నుంచి రేషన్ మొదలై మర్నాటి ఏడాది మే దాకా నడిచింది. పెట్రోల్ ఆదా చేయడానికి డ్రైవింగ్ పరీక్షలు ఆపేసి, లెర్నర్లు పక్కన ఎవరూ లేకుండానే బండి నడుపుకోవచ్చని అనుమతి ఇచ్చారు. ప్రపంచంలో పావు వంతు నేలను ఏలిన దేశానికి ఆ చలికాలం అలా గడిచింది.

అమెరికా వాదన కూడా ఉంది. అదే వారం సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి దూసుకెళ్తున్నాయి, దాన్ని ఖండిస్తూ ఇక్కడ మిత్రదేశాల దురాక్రమణను ఎలా సమర్థిస్తాం, కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాలన్నీ మాస్కో వైపు పోతాయి కదా అన్నాడు ఐసెన్‌హోవర్. అందులో న్యాయం ఉంది. సూయజ్ దాడి తప్పే. కానీ యూరప్ రాజధానులకు మిగిలిన పాఠం మాత్రం వేరు: మిత్రుడైనా సరే, చమురూ అప్పూ రెండూ ఒకే చేతిలో ఉంటే ఆ చేయి బిగిసినప్పుడు మన నిర్ణయం మనది కాదు.

కాల్పులు ఆగిన రోజున పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ పారిస్‌లోనే ఉన్నాడు, ఫ్రాన్స్ ప్రధానితో మాట్లాడుతూ. తర్వాత ఐదు నెలలు కూడా గడవకుండా, 1957 మార్చి 25న రోమ్‌లో యూరప్ ఆర్థిక కూటమి ఒప్పందం కుదిరింది. అదే రోజు అణు విద్యుత్ కోసం యురాటమ్ ఒప్పందం మీద కూడా సంతకాలయ్యాయి. ఫ్రాన్స్ సహారా చమురు వైపు, తర్వాత అణు విద్యుత్ వైపు పరుగెత్తింది. ఆఫ్రికా చుట్టూ తిరిగొచ్చినా గిట్టుబాటయ్యే భారీ ట్యాంకర్లు కట్టడం మొదలైంది. ఇటలీలో ప్రభుత్వ చమురు సంస్థ ఈఎన్ఐని నడిపిన ఎన్రికో మాత్తెయ్ ఇంకో దారి పట్టాడు. 1960లో ఆయన సోవియట్ యూనియన్‌తో బేరం కుదుర్చుకున్నాడు: వాళ్లు ముడి చమురు ఇస్తారు, ఇటలీ పైపులు, రబ్బరు లాంటి సరుకు ఇస్తుంది. డాలర్లు వెతుక్కోవాల్సిన పని లేదు, సూయజ్ ఊసే లేదు.

అమెరికాకు ఇది నచ్చలేదు. 1962లో నాటో ద్వారా ఒత్తిడి తెచ్చి సోవియట్లకు పెద్ద పైపులు అమ్మకుండా అడ్డుకుంది. జర్మన్ ఉక్కు కంపెనీలు ఒప్పందాలు రాసుకుని కూడా రద్దు చేసుకోవాల్సి వచ్చింది. అయినా 1964కల్లా ద్రుజ్బా చమురు పైప్‌లైన్ తూర్పు జర్మనీ దాకా వచ్చేసింది. గ్యాస్‌తో పాటు చమురు విషయంలోనూ ఇవాళ హంగరీ, స్లొవేకియా పట్టుబడుతున్నది ఆ పైప్‌లైన్ గురించే. 1970 ఫిబ్రవరిలో ఎస్సెన్‌లో పశ్చిమ జర్మనీ పెద్ద ఒప్పందం చేసుకుంది. జర్మన్ బ్యాంకులు సోవియట్లకు అప్పిచ్చాయి, ఆ డబ్బుతో జర్మన్ పైపులు కొన్నారు, ఆ పైపుల్లో వచ్చే గ్యాస్‌తో అప్పు తీర్చారు. ఆ గ్యాస్ మొదటిసారి పశ్చిమ జర్మనీకి చేరింది 1973 అక్టోబర్‌లో, అంటే అరబ్ నిషేధం వచ్చిన ఆ నెలలోనే. మధ్యప్రాచ్యం కొళాయి కట్టేసిన రోజుల్లో మాస్కో కొళాయి తెరుచుకుంది. ఆ తరం జర్మన్ నాయకులకు రష్యా మీద కుదిరిన నమ్మకాన్ని వట్టి అమాయకత్వం అని ఇప్పుడు కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతున్నారు. 1982లో అమెరికా అధ్యక్షుడు రీగన్ సైబీరియా గ్యాస్ పైప్‌లైన్‌ను ఆపాలని యూరప్ కంపెనీల మీద కూడా ఆంక్షలు పెడితే బ్రిటన్ ప్రధాని థాచర్ సైతం ఎదురు తిరిగింది. ఆ నవంబర్‌లోనే రీగన్ వెనక్కి తగ్గాడు.

ఇక్కడ అమెరికా సొంత కథ కాస్త చెప్పాలి, ఎందుకంటే 1956లో తిప్పిన ఆ మీట కూడా శాశ్వతం కాలేదు. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో అరబ్ దేశాలు నిషేధం పెడితే టెక్సస్ అదనపు ఉత్పత్తితో దాన్ని తేలిగ్గా దాటేశారు. 1972కల్లా ఆ అదనపు సామర్థ్యం అయిపోయింది, బావులన్నీ పూర్తిగా తోడేస్తున్నారు. 1973లో నిషేధం పనిచేయడానికి ముఖ్య కారణం అది. ఈలోగా వియత్నాం ఖర్చు డాలర్‌ను కుంగదీసింది, 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ డాలర్‌కు బంగారంతో ఉన్న ముడి తెంచేశాడు. 1974 జూలైలో ఆర్థిక మంత్రి విలియం సైమన్ జెద్దా వెళ్లాడు. చమురు అమ్మి సంపాదించిన డబ్బును సౌదీలు అమెరికా ప్రభుత్వ బాండ్లలో పెట్టేలా ఏర్పాటు కుదిరింది. సౌదీ దగ్గర ఆ బాండ్లు ఎన్ని ఉన్నాయో విడిగా బయటపెట్టింది 2016లోనే. ఆ తర్వాతి యుద్ధాలకు, ముఖ్యంగా ఇరాక్, అఫ్గానిస్తాన్‌లకు, అమెరికా పన్నులు పెంచలేదు, పైగా తగ్గించింది, అప్పు చేసింది. ఇప్పుడు ఆ దేశం అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2024 ఆర్థిక సంవత్సరంలో వడ్డీకి కట్టింది రక్షణ ఖర్చును మించిపోయింది. 1946లో బ్రిటన్‌కు అప్పిచ్చిన దేశం ఇది.

కానీ ఇంధనం విషయంలో చక్రం మళ్లీ తిరిగింది. షేల్ బావుల (రాతి పొరలను పగలగొట్టి తోడేవి) వల్ల 2018 నుంచి ముడి చమురులో అమెరికాదే మొదటి స్థానం, 2023లో ఎల్ఎన్‌జీ ఎగుమతుల్లో కూడా. 2021లో ఈయూ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో దాదాపు 45 శాతం రష్యాది. యుద్ధం మొదలయ్యాక అది సగానికి మించి పడిపోయింది, 2022 సెప్టెంబర్‌లో రష్యా నుంచి జర్మనీకి వేసిన నార్డ్ స్ట్రీమ్ గ్యాస్ పైపులు పేలిపోయాయి, మూడు నెలలు తిరిగేసరికి విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో జర్మనీ తొలి ఎల్ఎన్‌జీ టెర్మినల్ తెరిచింది. 2025లో ఈయూ కొన్న ఎల్ఎన్‌జీలో సగానికి పైగా అమెరికాదే. రష్యాకూ దెబ్బ తగిలింది, 2023లో దాని ప్రభుత్వ గ్యాస్ సంస్థ గాజ్‌ప్రోమ్ 20 ఏళ్లకు పైగా ఎరగని వార్షిక నష్టం చూసింది, దాంతో చైనా మార్కెట్ వైపు తిరిగింది.

రష్యా గ్యాస్ పూర్తిగా ఆపాల్సిందే అనేవాళ్ల మాట సూటిగా ఉంది: ఆ డబ్బుతోనే ఉక్రెయిన్ మీద బాంబులు పడుతున్నాయి. దాన్ని కాదనలేం. అయితే రెండో వైపు వాళ్లందరూ పుతిన్ మనుషులే అన్నట్టు మాట్లాడటం సరికాదు. వాళ్లలో చాలామంది అడుగుతున్నది రష్యా గ్యాస్ గురించి కాదు, 2025 జూలైలో కుదిరిన వాణిజ్య ఒప్పందం గురించి. 30 శాతం సుంకం వేస్తానన్న బెదిరింపు నెత్తిన ఉండగా ఈయూ 15 శాతానికి ఒప్పుకుంది, దాంతోపాటు 75,000 కోట్ల డాలర్ల అమెరికా ఇంధనం కొంటామని మాటిచ్చింది. సుంకం, గ్యాస్, ఆయుధాలు, మూడూ ఒకే దేశంతో బేరమాడేటప్పుడు ఒకదాని కోసం ఇంకోటి బిగించరన్న హామీ ఏముంది అన్నది వాళ్ల ప్రశ్న. 1956 చూసినవాళ్లకు అది గాలి ప్రశ్నలా అనిపించదు. గాలి, సౌర విద్యుత్, అణు విద్యుత్ మీద పెట్టాల్సిన డబ్బును 15, 20 ఏళ్ల గ్యాస్ ఒప్పందాల్లో ఇరికించొద్దని కూడా వాళ్లు అంటున్నారు. నాకు ఈ వాదనే ఎక్కువ బరువున్నదిగా కనిపిస్తోంది.

డబ్బు సంగతి కూడా దీనికే ముడిపడి ఉంది. 2022లో స్తంభింపజేసిన రష్యా కేంద్ర బ్యాంకు నిల్వలు దాదాపు 30,000 కోట్ల డాలర్లు, అందులో పెద్ద భాగం బ్రస్సెల్స్‌లో షేర్లు, బాండ్లు భద్రపరిచే సంస్థ యూరోక్లియర్ దగ్గర ఉంది. వాటి ఆసరాతో ఉక్రెయిన్‌కు అప్పిద్దామంటే, రేపు కేసు పడితే నష్టం మేమొక్కరమే మోయాలా అని బెల్జియం అడ్డం తిరిగింది. చివరికి 2025 డిసెంబర్‌లో ఈయూ తానే మార్కెట్లో అప్పు తెచ్చి 9,000 కోట్ల యూరోలు ఇవ్వాలని నిర్ణయించింది. రష్యా నుంచి నష్టపరిహారం వస్తేనే ఉక్రెయిన్ ఆ అప్పు తీర్చాలి. దానికి హామీ ఈయూ బడ్జెట్టే, వడ్డీ కూడా యూరప్ పన్ను చెల్లించేవాళ్లే కట్టాలి. హంగరీ, స్లొవేకియా, చెక్ రిపబ్లిక్ ఆ బాధ్యతలో పాలు పంచుకోబోమని ముందే తప్పుకున్నాయి.