మోర్గాన్ కార్లు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేయడం నా పని. మోర్గాన్ అనే ఇంగ్లండ్ కంపెనీ కారు చూడగానే మనవాళ్లు ముందుగా అడిగేది ఛాసిస్ గురించే, అంటే కారు మొత్తాన్ని మోసే అడుగు చట్రం గురించే.

అపోహ: మోర్గాన్ ఛాసిస్ చెక్కతో చేస్తారు.

వాస్తవం: ఛాసిస్ ఎప్పుడూ లోహమే. చెక్క ఉండేది దాని పైన, బాడీ లోపల. యాష్ అనే చెట్టు కలపతో బాడీ చట్రం కట్టి, దానికి స్టీలు రేకో అల్యూమినియం రేకో తొడుగుతారు. వెనక చక్రం మీది వంపు చూస్తే పనితనం తెలుస్తుంది. పలుచటి యాష్ పలకలకు జిగురు రాసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, అచ్చులో బిగించి ఆరనిస్తారు. బయటికి తీశాక అది ఆ వంపులోనే ఉండిపోతుంది. ఇంగ్లండ్‌లో గొడ్డళ్ల పిడులకు కూడా ఈ కలపే వాడేవాళ్లు. దెబ్బ తగిలినా అంత తేలిగ్గా విరగదు.

అపోహ: నాలుగు చక్రాల కారు చేతకాకే మూడు చక్రాలతో మొదలుపెట్టారు.

వాస్తవం: కంపెనీ పెట్టిన హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ 1910లో లండన్ ఒలింపియా ప్రదర్శనలో పెట్టింది మూడు చక్రాల బండే. బ్రిటన్‌లో అలాంటి తేలికపాటి బండికి మోటార్‌సైకిల్ లెక్కన పన్ను పడేది. చవక నాలుగు చక్రాల కార్లు వచ్చి ఆ లాభం కరిగిపోయాక, 1936లో 4/4 అనే కారు తెచ్చారు. నాలుగు సిలిండర్లు, నాలుగు చక్రాలు అని ఆ పేరు.

అపోహ: చూడటానికే అందం, స్పీడు లేదు.

వాస్తవం: 1962లో ఫ్రాన్స్‌లో జరిగిన లె మాన్స్ 24 గంటల రేసులో మోర్గాన్ ప్లస్ 4 మోడల్ తన క్లాసులో గెలిచింది. 1968లో ప్లస్ 8కి రోవర్ కంపెనీ 3.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ పెట్టారు. అంత తేలిక కారుకి అది మామూలు బలం కాదు!

అపోహ: 1936 నుంచి ఏమీ మారలేదు.

వాస్తవం: రూపం చూసి అలా అనుకుంటారు. 2000లో ఏరో 8తో అల్యూమినియం ఛాసిస్ వచ్చింది. 1936 నాటి స్టీలు ఛాసిస్ 2020లో ఆగిపోయింది. ఇప్పటి ప్లస్ ఫోర్‌లో బీఎండబ్ల్యూ ఇంజిన్. 2019లో కంపెనీలో ఎక్కువ వాటా ఇటలీ వాళ్ల చేతికి వెళ్లింది, తయారీ మాత్రం ఇంగ్లండ్‌లోని మాల్వెర్న్ ఊళ్లోనే.

అపోహ: పాత మోర్గాన్ కొంటే చెక్క చీకిపోయి ఉంటుంది.

వాస్తవం: నీళ్లు నిలిచే చోటే చీకుతుంది, ముఖ్యంగా తలుపు కింది దూలంలో. కొనేముందు తలుపు తెరిచి, అంచు పట్టుకుని మెల్లగా పైకి ఎత్తండి. తలుపుతోపాటు దాన్ని బిగించిన స్తంభం కూడా కదిలితే లోపల చెక్క పోయినట్టే. ఆ ముక్కలు మార్చుకోవచ్చు, కానీ రేకు విప్పాలి కాబట్టి ఖర్చు గట్టిగానే అవుతుంది. ధర మాట్లాడేటప్పుడే అది లెక్కలో వేసుకోండి.