డ్రైవరు లేని లారీ ఘాట్‌లో ఆగిపోతే? అపోహలు - వాస్తవాలు

కోరాపుట్, జయపురం వైపు తిరిగే సరుకు లారీల భద్రత చూడటం నా పని. అమెరికాలో అరోరా కంపెనీ 2025లో డాలస్, హ్యూస్టన్ మధ్య డ్రైవరు లేని లారీలు నడపడం మొదలుపెట్టాక మా డ్రైవర్లూ ఓనర్లూ తరచూ అనే మాటలివి.

అపోహ: యంత్రానికి నిద్ర రాదు, ఇక ప్రమాదాలుండవు.

నిద్ర రాదన్నది నిజమే, అది చిన్న మేలు కాదు. కానీ యంత్రం చేసే తప్పులు వేరు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలోని అరిజోనా హైవే మీద టుసింపుల్ కంపెనీవారి తనంతట తానే నడిచే లారీ ఒకటి ఉన్నట్టుండి ఎడమకి తిరిగి కాంక్రీటు గోడని కొట్టింది. ఎప్పుడో రద్దు కావాల్సిన పాత ఆదేశాన్ని కంప్యూటరు అప్పుడు అమలు చేసింది. మెలకువగా ఉన్న డ్రైవరెవరూ అలా తిప్పడు.

అపోహ: అనుమానం వస్తే బండి దానంతటదే ఆగిపోతుంది, ఇంకేం భయం?

నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. సాలూరు - సుంకి ఘాట్‌లో మలుపు అవతల ఆగిన లారీ వెనకొచ్చేవాడి పాలిట గండమే. పది చక్రాల లారీకి చట్టం ఒప్పుకునే మొత్తం బరువే 28.5 టన్నులు. ఆ బరువుతో దిగే బండికి బ్రేకులు అప్పటికే వేడెక్కి ఉంటాయి. మన బండి ఆగితే క్లీనర్ దిగి చక్రాలకి రాళ్లు అడ్డం పెడతాడు, వెనక్కి నడిచి మలుపుకి ముందే కొమ్మలు వేస్తాడు, టార్చి ఊపుతాడు. (బండి కదిలాక ఆ రాళ్లు తీసేయండి. రాత్రిపూట బైకుల వాళ్ల ప్రాణాలు తీస్తాయవి.) అమెరికా నిబంధన ప్రకారం 10 నిమిషాల్లో మూడు హెచ్చరిక త్రికోణాలు పెట్టాలి. లోపల మనిషే లేకపోతే పెట్టేదెవరు? వాటికి బదులు క్యాబిన్ మీద లైట్లు వెలిగిస్తామని అరోరా, అలాంటి బండ్లే చేసే వేమో కంపెనీ అడిగితే అక్కడి అధికారులు మొదట 2024 డిసెంబరులో కాదన్నారు. ఘాట్‌లో ఆ లైట్లు మలుపు ఇవతలికి కనిపించవు.

అపోహ: సెన్సర్లకి పొగమంచు లెక్క కాదు.

రాడార్‌కి చాలావరకు నిజం, కానీ ఎదురుగా ఉన్నదేమిటో అది సరిగా చెప్పలేదు. లేజర్ కాంతితో దూరం కొలిచే లైడార్ ఉంది, దాని కాంతి మంచు బిందువులకి తగిలి చెదిరిపోతుంది. చలికాలం పొద్దున్నే పొట్టంగి దగ్గర కెమెరాకీ మన కంటికీ పెద్ద తేడా ఉండదు. 36 టన్నుల లారీ గంటకి 105 కిలోమీటర్ల వేగంలో ఉంటే, పొడి రోడ్డు మీద కూడా ఆగడానికి దాదాపు 160 మీటర్లు కావాలి.

అపోహ: మన దాకా రాదులే.

డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి డ్రైవరు లేని కార్లను రానివ్వనని గడ్కరీగారు 2023లో అన్నారు. అయినా తనంతట తానే బ్రేకు వేసే లారీలు వస్తున్నాయి. యంత్రం చూసుకుంటుందని మనిషి ఏమరితే ఏమవుతుందో చూడండి: 2018లో అమెరికాలోని టెంపే ఊళ్లో తనంతట తానే నడిచే ఉబర్ టెస్టు కారు రోడ్డు దాటుతున్న ఒక మహిళని ఢీకొట్టి చంపినప్పుడు సీట్లో మనిషి ఉంది, కానీ చూపు ఫోను మీద ఉంది. అందుకే ఓనర్లకి చెబుతున్నాను: కొత్త బండి తీసుకునేటప్పుడు ఆ బ్రేకు ఏ వేగంలో పనిచేస్తుందో, ఎప్పుడు చేయదో డీలరు చేత రాయించుకోండి. తాళం ఇచ్చే ముందు అది డ్రైవరుకి తెలుగులోనో ఒడియాలోనో చదివి వినిపించండి.