కీచుమంటే ఒకటి, గరగరమంటే ఇంకొకటి

కారు బ్రేకు కీచుమంటే కొందరు నూనె డబ్బా వెతుకుతారు. తలుపు బందు కిర్రుమంటే నూనె వేస్తాం కదా, ఇదీ అంతేననుకుంటారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. బందుకి రాపిడి శత్రువు, బ్రేకుకి రాపిడే ప్రాణం. ప్యాడ్ మీద నూనె పడితే శబ్దం ఆగుతుందేమో గానీ, కారు ఆగదు.

పెడల్ తొక్కగానే, చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప డిస్కును రెండు ప్యాడ్లు రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. కారు పరుగులో ఉన్న శక్తి దాదాపుగా అంతా అక్కడ వేడిగా మారుతుంది. 1,200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే పుట్టే వేడి, 20 డిగ్రీల దగ్గరున్న అరలీటరు నీళ్లను మరిగే దాకా తీసుకెళ్లగలదు.

అంత గట్టి పట్టు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ప్యాడ్ కాస్త అతుక్కుంటుంది, జారుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసేదీ ఇదే. డిస్కు గుండ్రటి ఇనుప పళ్లెం కాబట్టి దానికీ గంటలా సొంత మోత ఉంటుంది. ప్యాడ్ అదురు ఆ మోతతో కలిసిందంటే ఇక కీచే. సెకనుకు వెయ్యి నుంచి పదిహేను వేల కంపనాల దాకా ఉండే శబ్దం అది. మన చెవి బాగా పట్టేది రెండు వేల నుంచి ఐదు వేల మధ్య వాటిని, అందుకే సూదిలా గుచ్చుకుంటుంది. 1902లో డిస్క్ బ్రేకుకి పేటెంటు తీసుకున్న ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్‌కి కూడా ఈ కీచు తప్పలేదు. ఆయన ప్యాడ్లు రాగివి మరి.

ఎంత గట్టిగా మోగితే అంత ప్రమాదం అనుకోవడం పొరపాటు. చెవులు చిల్లులు పడే కీచు చాలాసార్లు ఒట్టి అదురే. తక్కువ స్థాయిలో, నేల కింద నుంచి వచ్చినట్టుండే గరగరకి మాత్రం భయపడాలి. ప్యాడ్ మందు, అంటే డిస్కును రాసుకునే పొర, పూర్తిగా అరిగి, దాని వెనకున్న ఇనుప రేకు డిస్కును గీకుతోందని దాని అర్థం కావచ్చు. ఆ కారును ఇక నడపకూడదు.

ఎప్పుడు మోగుతోందో గమనిస్తే సగం పని అయినట్టే. వాన పడిన మర్నాడు పొద్దున నాలుగైదు బ్రేకుల వరకూ గరగరలాడి ఆగిపోతే, అది డిస్కు మీది పలచని తుప్పు. బ్రేకు తొక్కకపోయినా లోపల ఏదో గీకుతుంటే, డిస్కుకీ దాని వెనక దుమ్ము ఆపే రేకుకీ మధ్య గులకరాయి ఇరుక్కుని ఉండొచ్చు. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఒకటి ఉంటుంది. మందు రెండు మూడు మిల్లీమీటర్లకు దిగగానే అది డిస్కుకి తగిలి కీచుమంటుంది. ఆ కీచు కావాలని పెట్టింది, దాన్ని ఆపాలంటే ప్యాడ్లు మార్చడమే. ఇక శబ్దంతో పాటు పెడల్ మెత్తగా లోపలికి దిగినా, చక్రం దగ్గర తడి కనిపించినా, కారు ఒక పక్కకు లాగినా ఇంట్లో ప్రయోగాలు వద్దు, మెకానిక్‌ని పిలవండి.

ఇవేవీ కాకపోతే చక్రం విప్పి చూడొచ్చు. సమతలంగా ఉన్న నేల మీద, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, నట్లు వదులు చేశాకే జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు, కింద స్టాండు పెట్టి తీరాలి.

మొన్న నా కారు ముందు ఎడమ చక్రం విప్పితే, లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లే మిగిలింది, బయటిది 8 ఉంది. ప్యాడ్లను పట్టుకుని డిస్కుకి నొక్కే బిగింపునే కాలిపర్ అంటారు. ఒకే కాలిపర్‌లో ఇంత తేడా వచ్చిందంటే కాలిపర్ స్వేచ్ఛగా జరగడం లేదన్నమాట. అది జరగడానికి రెండు స్లైడ్ పిన్నులుంటాయి. ఒకటి వేలితో నెడితే వెళ్లింది. రెండోది కదలనే లేదు. మెల్లగా తిప్పుతూ లాగితే, గ్రీజు ఎండి నల్లటి జిగురులా అతుక్కుని బయటికొచ్చింది. శుభ్రంగా తుడిచి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా పూశాను. మామూలు గ్రీజు వాడితే రబ్బరు తొడుగు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. ఇరుసుకి రెండు వైపులా ప్యాడ్లు జతగా మార్చాను. కొత్త ప్యాడ్ల వెనక భాగంలో, అవి క్లిప్పులకు ఆనే చెవుల దగ్గరా బ్రేకు గ్రీజు కాస్తంత రాయాలి. అదురును మింగేది అక్కడే. డిస్కుని తాకే ముఖానికి వేలి జిడ్డు కూడా అంటనివ్వకూడదు.

ఇంకో రెండు మాటలు. విప్పిన కాలిపర్‌ని గొట్టానికి వేలాడదీయకండి, తీగతో కట్టండి. బ్రేకు దుమ్మును గాలితో ఊదకండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బిగించాక కారు కదిలించకముందే పెడల్ గట్టిపడే దాకా తొక్కాలి. ఇది మర్చిపోతే మొదటి మలుపులో బ్రేకు ఉండదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద, 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి పూర్తిగా ఆపకుండా పదిసార్లు తగ్గిస్తే, ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది. చివరగా కిటికీ దించి, పొడవాటి గోడ పక్కన మెల్లగా నడుపుతూ బ్రేకు తొక్కండి. ఆ పక్క చక్రాల చప్పుడేదైనా ఉంటే గోడ తిప్పి వినిపిస్తుంది. నాకు టైర్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.