939 ఓట్లతో గెలుపు, మూడు వేలు దాటినా ఓటమి: ఐర్లండ్‌లో అభ్యర్థుల అవకాశాలను ఎలా లెక్కగట్టాలి?

2007 మే నెలలో ఐర్లండ్‌లో సాధారణ ఎన్నికలు జరిగాయి. రాజధాని నడిబొడ్డున ఉండే డబ్లిన్ సెంట్రల్ నియోజకవర్గంలో నాలుగు సీట్లు. అప్పటి ప్రధాని, ఫియానా ఫాయిల్ పార్టీ నేత బర్టీ అహెర్న్‌కి అక్కడ 12,734 ఓట్లు వచ్చాయి. అదే పార్టీ తరఫున నిలబడ్డ సిప్రియన్ బ్రాడీకి వచ్చినవి 939. షిన్ ఫేన్ నుంచి మేరీ లూ మెక్‌డొనాల్డ్, ఫీన గేల్ నుంచి పాస్కల్ డోనహూ పోటీ చేశారు. ఇద్దరికీ మూడేసి వేలకు పైగా ఓట్లు పడ్డాయి. కౌంటింగ్ పూర్తయ్యేసరికి బ్రాడీ గెలిచారు, మెక్‌డొనాల్డ్, డోనహూ ఇద్దరూ ఓడిపోయారు.

ఇందులో గోల్‌మాల్ ఏమీ లేదు. అన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయి. ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలుస్తాడన్న లెక్కకు అలవాటుపడ్డ మనకు ఇది అన్యాయంగా తోస్తుంది. కానీ ఆ లెక్క లోపలికి వెళ్లి చూస్తే, ఓటరు మనసులో మాటను మన పద్ధతి కంటే ఎక్కువగా వినే ప్రయత్నం అందులో కనిపిస్తుంది. అక్కడ ఒక అభ్యర్థికి గెలిచే అవకాశం ఎంత అని తేల్చాలంటే "ఎంతమంది ఓటేస్తారు?" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. "తమ మనిషి పోటీలోంచి తప్పుకున్నాక ఎంతమంది ఇతనివైపు చూస్తారు?" అని కూడా అడగాలి.

ఈ పద్ధతి తెలుగువారికి పూర్తిగా కొత్తదేం కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవాళ్లకు తెలుసు: బ్యాలెట్ మీద టిక్కు పెట్టం, పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేస్తాం. 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది బరిలో నిలిచినప్పుడు బ్యాలెట్ దినపత్రికంత అయింది. అందరికన్నా తక్కువ ఓట్లున్నవారిని తప్పించి, ఆ ఓట్లను తర్వాతి ప్రాధాన్యతకు బదిలీ చేసే ఎలిమినేషన్ రౌండ్లు రోజుల తరబడి సాగాయి. ఐర్లండ్‌లో పార్లమెంటు దిగువ సభ డాయిల్‌కు ఎన్నికలన్నీ ఇలాగే జరుగుతాయి. తేడా ఏమిటంటే, మన ఎమ్మెల్సీ స్థానానికి సీటు ఒకటే. అక్కడ ఒక్కో నియోజకవర్గానికి మూడు, నాలుగు లేదా ఐదు సీట్లు. 2024 నవంబరు 29న జరిగిన ఎన్నికల్లో 43 నియోజకవర్గాలు కలిపి 174 సీట్లు.

మొదట తేల్చేది కోటా, అంటే గెలుపుకు సరిపోయే ఓట్ల సంఖ్య. చెల్లిన ఓట్లను సీట్ల సంఖ్య కంటే ఒకటి ఎక్కువతో భాగించి, వచ్చినదానికి ఒకటి కలుపుతారు. 2007లో డబ్లిన్ సెంట్రల్‌లో చెల్లిన ఓట్లు 34,639. నాలుగు సీట్లు కాబట్టి ఐదుతో భాగిస్తే 6,927 దాటుతుంది, కోటా 6,928. ఐదుతోనే ఎందుకంటే, అన్నేసి ఓట్లు నలుగురికి అందవచ్చు గానీ ఐదుగురికి అందడం అసాధ్యం. నలుగురు మాత్రమే అందుకోగల అతి చిన్న సంఖ్య అది. 19వ శతాబ్దపు ఆంగ్ల న్యాయవాది హెన్రీ డ్రూప్ పేరుతో దీన్ని పిలుస్తారు.

అహెర్న్‌కు కోటా పోగా 5,806 ఓట్లు మిగిలాయి. ఆయన గెలుపుకు అవి అక్కర్లేదు. అలాగని వాటిని పారేస్తే, ఆ ఓటర్లు మరీ ఎక్కువమంది ఒకే మనిషిని ఇష్టపడ్డందుకు శిక్ష వేసినట్టే. అందుకే ఆయన కాగితాలన్నీ మళ్లీ తెరిచి, రెండో ప్రాధాన్యత ఎవరికి ఉందో చూసి, అదే నిష్పత్తిలో మిగులును పంచుతారు. ఆ ఎన్నికలో అహెర్న్ వర్గం నియోజకవర్గమంతా కరపత్రాలు పంచింది. ఒకటో అంకె అహెర్న్‌కి, రెండోది బ్రాడీకి వేయండని అందులో ఉంది. అదే పార్టీకి మూడో అభ్యర్థిగా మేరీ ఫిట్జ్‌పాట్రిక్ ఉన్నారు. మొదటి ప్రాధాన్యత ఓట్లలో ఆమె బ్రాడీకన్నా ముందున్నారు. కానీ మిగులులో పెద్ద వాటా బ్రాడీకి దక్కింది, ఆ ఊపుతో ఆయన చివరిదాకా నిలిచారు.

మెక్‌డొనాల్డ్ ఎందుకు ఓడారన్నది ఇంకా ఆసక్తికరం. ఆ రోజుల్లో షిన్ ఫేన్‌ను ఇష్టపడేవాళ్లు గట్టిగా ఇష్టపడేవారు, మిగతావాళ్లు బ్యాలెట్‌లో ఆ పేరు పక్కన ఏ అంకే వేసేవారు కాదు. సాయుధ సంస్థ ఐఆర్‌ఏతో ఆ పార్టీకున్న సంబంధం వల్ల ఉత్తర ఐర్లండ్ హింస జ్ఞాపకాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దాంతో మొదటి రౌండులో ముందున్నా, ఇతరులు ఎలిమినేట్ అవుతున్నకొద్దీ ఆమె ఖాతాలో చేరేవి తక్కువ. ఎవరైనా ఈ పద్ధతిలో బతికి బట్టకట్టాలంటే రెండు కావాలి. త్వరగా ఎలిమినేట్ కాకుండా ఉండేందుకు తగినన్ని సొంత ఓట్లు, ఆ తర్వాత పక్కవాళ్ల నుంచి బదిలీలు. ఎంతమందికైనా రెండో ఇష్టుడు కావచ్చు, మొదటి రౌండ్లలోనే బయటకు పోతే ఆ ఇష్టం ఎందుకూ పనికిరాదు.

పదమూడేళ్లలో పరిస్థితి తలకిందులైంది. 2011లో మెక్‌డొనాల్డ్, డోనహూ ఇద్దరూ అక్కడే గెలిచారు. ఆమె పార్టీ అధ్యక్షురాలయ్యారు, ఆయన ఆర్థిక మంత్రి అయ్యారు. 2020లో డబ్లిన్ సెంట్రల్‌లో ఆమెకు 11,223 మొదటి ప్రాధాన్యత ఓట్లు వచ్చాయి. కోటా 6,288. దాదాపు ఐదు వేల మిగులు, అందుకోవడానికి పక్కన సొంత పార్టీ మనిషి ఒక్కరూ లేరు. ముందటి ఏడాది స్థానిక ఎన్నికల్లో ఘోరంగా దెబ్బతినడంతో షిన్ ఫేన్ జాగ్రత్తపడి, దేశం మొత్తం మీద 42 మందినే నిలబెట్టింది. తీరా చూస్తే 24.5 శాతంతో మొదటి ప్రాధాన్యత ఓట్లలో అన్ని పార్టీలకన్నా ముందుంది, సీట్లు మాత్రం 37 దగ్గర ఆగాయి. 22.2 శాతం వచ్చిన ఫియానా ఫాయిల్‌కు 38. షిన్ ఫేన్ నేతల మిగులు ఓట్లు ఊరూరా వామపక్ష చిన్న పార్టీలవాళ్లను గెలిపించాయి. అభ్యర్థుల అవకాశాలను పార్టీ ముందుగా సరిగ్గా అంచనా వేసుకోకపోతే జరిగే నష్టానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

ఎక్కువమందిని నిలబెట్టినా ప్రమాదమే. ఒక ఊహా లెక్క వేద్దాం. కోటా 10,000, ఒక పార్టీకి మొత్తం 16,000 ఓట్లున్నాయి. ఒకరికి 13,000, రెండోవారికి 3,000 పడితే, మిగులు 3,000లో కొంత దారిలోనే ఇతర పార్టీలకు జారిపోతుంది, రెండో అభ్యర్థి ఆరు వేలకైనా చేరకుండానే పోటీలోంచి పోవచ్చు. అవే ఓట్లు ఎనిమిదేసి వేలుగా చీలితే ఇద్దరూ చివరిదాకా ఉంటారు, వచ్చే బదిలీలన్నీ అందుకుంటూ ఉంటారు. అందుకే అక్కడి పార్టీలు నియోజకవర్గాన్ని వీధులవారీగా పంచుకుంటాయి. నదికి ఇటువైపు వాళ్లు ఒకటో అంకె ఈమెకు, అటువైపు వాళ్లు ఆయనకు అని ఇంటింటికీ తిరిగి చెబుతాయి. గెలవడం ఖాయమైన నాయకుడు తనకు ఓట్లు తగ్గించమని తానే ఓటర్లను అడగాలి. దానికి చాలా గుండె నిబ్బరం కావాలి.

2024లో డబ్లిన్ సెంట్రల్ మళ్లీ వార్తలకెక్కింది. మెక్‌డొనాల్డ్, డోనహూ, సోషల్ డెమొక్రాట్ల గ్యారీ గ్యానన్ గెలుపు మీద పెద్దగా సందేహాల్లేవు. నాలుగో సీటు కోసమే పోరు. నేర ప్రపంచం వార్తల్లో దేశమంతా ఎరిగిన పేరు జెర్రీ హచ్, స్వతంత్రుడిగా నిలబడి, మూడు వేలకు పైగా ఓట్లతో మొదటి రౌండులో నాలుగో స్థానంలో నిలిచారు. ఆయన గెలుస్తున్నాడంటూ విదేశీ పత్రికలు కూడా రాశాయి. లేబర్ పార్టీ అభ్యర్థి మారీ షెర్లాక్ వెనకబడి ఉన్నారు. కానీ ఒక్కొక్కరూ ఎలిమినేట్ అవుతున్నకొద్దీ హచ్‌కు బొట్లు బొట్లుగా, షెర్లాక్‌కు ధారగా ఓట్లు చేరాయి. ఆదివారం నాటికి ఆమె ఆయన్ని దాటేసి, ఆ సీటు గెలిచారు. హచ్‌కు ఓటేసినవాళ్లు ఆయన్నే కోరుకున్నారు. ఆయనకు ఓటెయ్యనివాళ్లలో ఎక్కువమంది ఇంకెవరైనా ఫర్వాలేదనుకున్నారు. 2007లో మెక్‌డొనాల్డ్‌ను అడ్డుకున్న గోడ ఇదే.

మరి ఇవన్నీ ముందే పసిగట్టడం ఎలా? జాతీయ సర్వేలు ఇక్కడ అక్కరకు రావు. వెయ్యి మందిని అడిగిన సర్వేను 43 నియోజకవర్గాలకు పంచితే సగటున ఒక్కోచోట 23 మంది. ఆ 23 మంది మాటతో నాలుగో సీటు ఎవరిదో చెప్పడం కుదరని పని. పందేలు కట్టించుకునే సంస్థలు ధరలు ప్రకటిస్తాయి గానీ, అందరూ నమ్మేది ట్యాలీని.

ట్యాలీ అంటే ఏమిటో కౌంటింగ్ హాల్లో చూడాలి. ఉదయం తొమ్మిదికి పెట్టెలు తెరుస్తారు. సిబ్బంది ఒక్కో పెట్టెలోని కాగితాలను బల్ల మీద బోర్లించి, మడతలు విప్పి, అంకెలు పైకి కనిపించేలా పేరుస్తారు. ఇనుప కంచెకు ఇవతల పార్టీల కార్యకర్తలు ముందుకు వంగి నిలబడతారు. చేతిలో అభ్యర్థుల పేర్లు అచ్చువేసిన కాగితం, పెన్సిలు. ప్రతి కాగితం మీద "1" ఎక్కడుందో కంటితో పట్టుకుని, ఆ పేరు పక్కన ఒక గీత గీస్తారు. ఐదు గీతలకు ఒక కట్ట. ఏ పెట్టె ఏ వీధిదో వాళ్లకు తెలుసు కాబట్టి, ఏ బడిలో ఓటేసినవాళ్లు ఎవరివైపు ఉన్నారో కూడా తేలిపోతుంది. ఇంకా గొప్ప విషయం, రోజంతా కొట్లాడుకున్న పార్టీలవాళ్లే ఇక్కడ తమ కాగితాలు ఒకరికొకరు ఇచ్చుకుని మొత్తం కూడతారు. అధికారికంగా మొదటి రౌండు ప్రకటించకముందే, మధ్యాహ్నానికి దాదాపు సరైన అంకెలు చేతిలో ఉంటాయి. ఎవరి ఓట్లు ఎటు వెళ్తాయన్నది మాత్రం ఆ ప్రాంతం ఎరిగిన పాతకాపులు అనుభవంతో చెప్పాల్సిందే.

ఆ అనుభవానికి కూడా లొంగనిది ఒకటుంది. మిగులు పంచేటప్పుడు, రెండో ప్రాధాన్యత ప్రకారం విడదీసిన ఒక కట్టలోంచి ఉదాహరణకు 400 కాగితాలు కదలాలని లెక్క తేలితే, ఆ కట్టలో పైన ఉన్న 400ను తీసుకుంటారు. వాటిలో మూడో ప్రాధాన్యత ఎవరికి ఉందన్నది కొంత అదృష్టం. పైన ఉన్నవి కింద ఉండి ఉంటే తర్వాతి రౌండ్లలో అంకెలు కొద్దిగా మారేవి. ఎగువ సభ ఎన్నికల్లో ఒక్కో ఓటును వెయ్యి భాగాలుగా లెక్కించి ఈ ఇబ్బంది తప్పించారు. దిగువ సభకు పాత పద్ధతే నడుస్తోంది. తేడా వేలల్లో ఉన్నప్పుడు ఇది ఎవరికీ పట్టదు. 1992లో డబ్లిన్ సౌత్ సెంట్రల్‌లో బెన్ బ్రిస్కో, ఎరిక్ బైర్న్‌ల మధ్య చివరి సీటు లెక్కింపు పది రోజులు నడిచి, బ్రిస్కో ఐదు ఓట్లతో బయటపడ్డారు. అంత సన్నని తేడా దగ్గర కాగితాల వరస కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

యంత్రాలు పెట్టాలని చూడలేదా అంటే, చూశారు. 2002లో మూడు నియోజకవర్గాల్లో ప్రయోగించి, దేశమంతటికీ 5 కోట్ల యూరోలకు పైగా ఖర్చు చేశారు. నమ్మకం కుదరలేదు. పదేళ్లకు వాటిని పాత సామాను కింద అమ్మేశారు.

బ్యాలెట్ మీద పేర్లు ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంటాయి. 1973 ఎన్నికలను పరిశీలించిన పరిశోధకులు, పైన ఉన్న పేర్లకు ఆ స్థానం వల్లే కొంత లాభం కలుగుతోందని తేల్చారు. సొంతూరి మమకారం ఇంకా బలమైనది. అభ్యర్థి ఇల్లున్న పరిసరాల పెట్టెల్లో ఓట్లు పోగుపడతాయి, దూరం పెరిగేకొద్దీ పలచబడతాయి. పార్టీని చూసి కాకుండా మన వీధి మనిషని రెండో మూడో అంకె వేసేవాళ్లు అక్కడ తక్కువేం కాదు.

డబ్లిన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు దీన్ని పట్టించుకోవడం మంచిది. డాయిల్ ఎన్నికల్లో ఓటు ఐరిష్, బ్రిటిష్ పౌరులకే. స్థానిక సంస్థల ఎన్నికల్లో మాత్రం అక్కడ నివాసముండే పెద్దలందరూ ఓటేయవచ్చు, పోటీ కూడా చేయవచ్చు. అక్కడా ఇదే పద్ధతి. ఒకటో అంకె వేసి ఊరుకుంటే, ఆ అభ్యర్థి ఎలిమినేట్ కాగానే మీ కాగితం పక్కకు పోతుంది. ఎంత దూరం మనసుకు నచ్చితే అంత దూరం అంకెలు వేయాలి. కింది ప్రాధాన్యత పైదాన్ని ఎప్పుడూ దెబ్బతీయదు, పై పేర్ల సంగతి తేలాకే దాని వంతు.

డోనహూ 2025 నవంబరులో ప్రపంచ బ్యాంకులో పదవికి వెళ్లడంతో డబ్లిన్ సెంట్రల్‌లో ఒక సీటు ఖాళీ అయింది. ఉప ఎన్నికలో సీటు ఒకటే కాబట్టి కోటా సగానికి ఒకటి ఎక్కువ. మిగులు ప్రసక్తే ఉండదు, అంతా ఎలిమినేషన్ల మీదే నడుస్తుంది. మన రాష్ట్రపతి ఎన్నిక పద్ధతీ అదే. 1969లో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి తలపడ్డ ఎన్నిక తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ గిరి యువకుడిగా డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదివి, అక్కడి స్వాతంత్ర్య పోరాటకారులతో కలిసి తిరిగి, 1916లో దేశం విడిచి రావాల్సి వచ్చిన మనిషి. మొదటి లెక్కింపులో ఓట్ల విలువ గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. గెలవాలంటే 4,18,169 కావాలి. సి.డి. దేశ్‌ముఖ్, ఇతర చిన్న అభ్యర్థులు తప్పుకున్నాక గిరి 4,20,077కు, రెడ్డి 4,05,427కు చేరారు. గిరి రెండో ప్రాధాన్యత ఓట్లతో గెలిచారని ఇప్పటికీ చెప్పుకుంటాం. కూడి చూస్తే బదిలీల్లో గిరికి దక్కింది 18,562, రెడ్డికి దక్కింది 91,879, అంటే ఐదు రెట్లు. ఇన్ని బదిలీలు వచ్చినా మొదటి రౌండులోని 87,967 తేడాను రెడ్డి పూడ్చలేకపోయారు. షెర్లాక్‌కు పూడ్చాల్సిన దూరం తక్కువ, బదిలీలు ఎక్కువ.