రెండు నిమిషాల గాలి

రోబో పోటీకి తయారవుతున్న కుర్రాడొకడు అడిగాడు: "ట్యాంకులో 100 పీఎస్ఐ ఉంటే సిలిండర్ ఎన్నిసార్లు కొడుతుంది సార్?" పీఎస్ఐ అంటే గాలి పీడనానికి కొలత, సిలిండర్ అంటే ఆ గాలితో రాడ్‌ని ముందుకీ వెనక్కీ తోసేది. వాడిది వెక్స్ అనే విద్యార్థుల రోబో పోటీ. అక్కడ రోబో మీద కంప్రెసర్ ఉండదు. ముందే పంపుతో కొట్టుకున్న గాలితోనే రెండు నిమిషాల మ్యాచ్ లాగాలి.

బాయిల్ సూత్రం అందరికీ కంఠతా వచ్చిందే, మళ్లీ చెప్పను. మన క్లాసుల్లో గట్టిగా చెప్పనిది ఇంకోటుంది. గేజీ సున్నా చూపించినా లోపల 14.7 పీఎస్ఐ గాలి ఉంటుంది, కాబట్టి లెక్కలో వెయ్యాల్సింది 100 కాదు, 114.7.

ట్యాంకు 200 మి.లీ. అనుకుందాం. సిలిండర్ లోపలి వ్యాసం 10 మి.మీ., స్ట్రోకు (రాడ్ కదిలే దూరం) 50, రాడ్ మందం 4. ముందుకు తోయడానికి 3.9 మి.లీ., వెనక్కి రావడానికి (రాడ్ కొంత చోటు తినేస్తుంది) 3.3. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మరి ట్యూబు? 4 మి.మీ. ట్యూబు లోపలి రంధ్రం 2.5 అయితే మీటరు ట్యూబులో 4.9 మి.లీ. పడుతుంది, అంటే సిలిండర్ కన్నా ఎక్కువే! వాల్వు నుంచి సిలిండర్‌కి రెండు వైపులా 30 సెం.మీ. చొప్పున పెట్టినా 3 మి.లీ. గాలి ఏ పనీ చెయ్యకుండా ప్రతిసారీ నిండి బయటికి పోతుంది. రోబోకి నిమ్మకాయ కట్టమంటే కడతారు గానీ ట్యూబు కత్తిరించమంటే బద్ధకం.

అసలు మజా రెగ్యులేటర్‌ది, అంటే ట్యాంకు గాలిని కావలసిన పీడనానికి తగ్గించి సిలిండర్‌కి ఇచ్చేది. పనికి 40 పీఎస్ఐ చాలనుకోండి, అంటే దాదాపు 2.2 కిలోల తోపు. ట్యాంకు 100 నుంచి 40కి దిగేలోపు ఇచ్చే గాలి, బయటి పీడనం దగ్గర కొలిస్తే, 816 మి.లీ. ఒక రాకపోకకు సిలిండర్ 7.2 × 54.7 ÷ 14.7, అంటే 27 మి.లీ. తాగుతుంది, ట్యూబులో బయటి గాలి ఎప్పుడూ ఉండనే ఉంటుంది కాబట్టి దానికి గేజీ పీడనమే (40) లెక్క, మరో 8. మొత్తం 35. అంటే 23 సార్లు. రెగ్యులేటర్ లేకపోతే? మొదటి తోపు 100 దగ్గర, తర్వాతది కాస్త తక్కువ దగ్గర, అలా దిగుతూ 40కి చేరేసరికి 15 సార్లే. జీతం రాగానే ఖర్చు పెట్టేసినట్టు, అవసరం లేని బలానికి ముందే గాలి తగలేస్తాం.

ఇంకోటి, గబగబా పంపు కొడితే ట్యాంకు వేడెక్కుతుంది. అప్పుడు గేజీ 100 చూపించినా చల్లారాక ముల్లు కాస్త దిగుతుంది. లీకని టెన్షన్ పడి ఫిట్టింగులన్నీ విప్పకండి. చల్లారనిచ్చి, ఫీల్డులోకి వెళ్లే ముందు మళ్లీ 100 దాకా కొట్టండి, అప్పటికీ దిగుతుంటే సబ్బు నీళ్లు రాసి చూడండి.